సంతానం కోసం దుఆ - ఇద్దరి చేతులూ లేవాలి

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ఏటా ఈ సభలో మేము జకాత్ లెక్కల గురించో, పిల్లల చదువుల గురించో, వితంతువుల పింఛన్ల గురించో మాట్లాడుతూ వచ్చాం. ఈసారి ఎత్తుకున్న విషయం సభల్లో ఎవరూ ఎత్తనిది. వంటింట్లో గుసగుసలుగా, పెళ్లి పందిళ్లలో ఎత్తిపొడుపులుగా మాత్రమే వినిపించేది. పెళ్లయి ఏళ్లు గడిచినా ఒడి నిండని దంపతుల గురించి, వాళ్లు చేసుకోవలసిన దుఆ గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ఎందుకు ఎత్తుకున్నామో ముందు చెబుతాం. రెండేళ్ల కిందట ఒక అత్తగారు కోడల్ని వెంటబెట్టుకుని మా వైద్య సహాయం బల్ల దగ్గరికి వచ్చింది. పెళ్లయి ఏడేళ్లు. కోడలు తల వంచుకుని కూర్చుంది. ఆమె ఒళ్లో ఒక ప్లాస్టిక్ సంచి. అందులో స్కానింగ్ రిపోర్టులు, ట్యూబులు మూసుకున్నాయేమో చూసిన ఎక్స్‌రే, ముగ్గురు డాక్టర్ల చీటీలు. మెడలో మూడు తావీజులు. నగలు అప్పటికే తాకట్టుకు వెళ్లాయి.

"ఇంకేదో ఆపరేషన్ చెయ్యాలంటున్నారు బాబూ. సంఘం తరఫున ఏదైనా ఇప్పించండి" అంది అత్తగారు.

మాలో ఒకాయన కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేశాడు. "అబ్బాయి రిపోర్టు ఏదమ్మా?" అని అడిగాడు.

ఆమె విస్తుపోయింది. "వాడికేం బాబూ? వాడు బాగానే ఉన్నాడు కదా" అంది.

ఏడేళ్లలో ఆ అబ్బాయికి ఒక్క పరీక్షా జరగలేదు. అడిగినవాళ్లూ లేరు. మన మస్జిద్ ఇమామ్ సాహెబ్ రెండుసార్లు ఇంటికి వెళ్లి నచ్చచెప్పాక, మూడోసారి ఆ అబ్బాయి లాబొరేటరీకి వెళ్లాడు. లోపం అతనిలోనే ఉందని తేలింది. వైద్యం ఉన్న లోపమే. ఆ రిపోర్టు వచ్చిన రోజు కోడలు మా దగ్గర కూర్చుని ఏడ్చింది. సంతోషంతో కాదు, కోపంతో కూడా కాదు. "ఏడేళ్లు నేనే పాపిష్టిదాన్ని అనుకున్నాను భాయ్" అని మాత్రం అంది.

ఆ ఒక్క మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. అందుకే పోయిన సంవత్సరం ఒక నియమం పెట్టుకున్నాం. సంతానం లేని దంపతులకు మొదటి పరీక్షల ఖర్చు సదఖా నిధి నుంచి ఇస్తాం, అయితే భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. దీని మీద గొణుగుడు వచ్చింది. మా కమిటీలోనే ఒక పెద్దాయన, "మగవాణ్ణి ఇలా నిలబెట్టడం మన మర్యాద కాదు" అన్నారు. ఆయన మీద మాకు గౌరవం ఉంది. ఆయనకు మేము చెప్పిన జవాబు మాది కాదు, దివ్యఖుర్ఆన్‌లోది. దాన్నే ఇక్కడ మీ ముందు పెడుతున్నాం.

సోదరులారా, సంతానం కోసం దుఆ అనగానే మనకు గుర్తొచ్చేది హజ్రత్ జకరియ్యా అలైహిస్సలాం. సూరా మర్యమ్ మొదలయ్యేదే ఆయన మొరతో. ఆయన తన ప్రభువును గొంతు పైకి రాకుండా, రహస్యంగా వేడుకున్నారని 3వ ఆయతు చెబుతుంది. 4వ ఆయతులో ఆయన మొదలుపెట్టింది దేనితో? తన ఎముకలు బలహీనపడిపోయాయని, తన తల నెరిసిపోయిందని. అంటే మొదట తన సంగతే చెప్పుకున్నారు. ఆ వెంటనే, తానెప్పుడూ నిన్ను అడిగి నిరాశపడలేదు ప్రభూ అన్న భావంతో అల్లాహ్ మీద తన నమ్మకాన్ని విన్నవించుకున్నారు. ఆ తర్వాత, 5వ ఆయతులో, తన భార్య గొడ్రాలన్న మాట వస్తుంది.

ఈ వరుస చూడండి. ముందు తన బలహీనత, తర్వాత ప్రభువు మీద భరోసా, ఆ తర్వాతే భార్య సంగతి. ఆయన ప్రవక్త. ఆయన నోటి నుంచి భార్య మీద ఒక్క ఫిర్యాదు లేదు. 'ఈమె వల్ల నా వంశం ఆగిపోయింది' అని ఆయన అనలేదు. లోకం ముందు ఆమెను నిలబెట్టలేదు. ఇద్దరి స్థితినీ కలిపి ఒకే దుఆలో, ఎవరూ వినని చోట, అల్లాహ్ ముందు మాత్రమే విప్పుకున్నారు. ప్రవక్త అంతటివారు తన లోపాన్ని ముందు చెప్పుకోగా లేని అవమానం, మనకు ఒక చిన్న పరీక్ష చేయించుకుంటే ఎక్కడి నుంచి వస్తుంది?

ఇదే ఘటన సూరా ఆలి ఇమ్రాన్‌లోనూ ఉంది. అక్కడ ఆయన దుఆకు ఒక సందర్భం కనబడుతుంది. బాలిక మర్యమ్ ఆయన సంరక్షణలో పెరుగుతోంది. ఆమె ఉండే మిహ్రాబ్‌లోకి ఆయన వెళ్లినప్పుడల్లా ఆమె దగ్గర ఆహారం కనిపించేది. ఎక్కడిదమ్మా ఇది అంటే, అల్లాహ్ దగ్గరి నుంచి అని ఆ పిల్ల చెప్పేది. అక్కడే, ఆ క్షణంలోనే జకరియ్యా అలైహిస్సలాం సత్సంతానం ప్రసాదించమని చేతులెత్తారని 38వ ఆయతు. పరాయి బిడ్డను పెంచుతున్న చేతులవి. ఎదుటి బిడ్డను చూసి ఆయనకు ఈర్ష్య కలగలేదు, ఆశ కలిగింది. పక్కింటి ఉయ్యాల చూసి గుండె కలుక్కుమనే అక్కచెల్లెళ్లు ఈ చోటును మళ్లీ మళ్లీ చదువుకోవాలని మా మనవి.

సూరా అంబియాలో 89, 90 ఆయతులు కూడా గుర్తుపెట్టుకోండి. తనను ఒంటరిగా వదలవద్దని ఆయన వేడుకోగా, అల్లాహ్ ఆయన మొర ఆలకించి, యహ్యాను ప్రసాదించి, ఆయన భార్యను ఆయన కోసం స్వస్థపరిచినట్టు అక్కడ ఉంది. ఆ తర్వాత మాట బహువచనంలోకి మారుతుంది. వాళ్లు మంచి పనుల్లో ముందుకు ఉరికేవారని, ఆశతోనూ భయంతోనూ ప్రభువును పిలిచేవారని, అణకువ గలవారని. 'ఆయన' అని కాదు, 'వాళ్లు' అని. దుఆ ఆ ఇంటిది, ఒక్కరిది కాదు.

ఇంకొక సంగతి. శుభవార్త వచ్చినప్పుడు జకరియ్యా అలైహిస్సలాం స్వయంగా ఆశ్చర్యపోయారు. అడిగినవారే, ఇది ఎలా సాధ్యం ప్రభూ అన్నారు. ఇబ్రాహీం అలైహిస్సలాం సతీమణి హజ్రత్ సారా కూడా, ముసలిదాన్ని, గొడ్రాలిని, నాకు బిడ్డా అని నివ్వెరపోయారు. అంటే ఆశా, నమ్మలేకపోవడమూ ఒకే గుండెలో ఉండవచ్చు. 'నా మనసు అప్పుడప్పుడు డీలా పడుతోంది, నా ఈమాన్ తక్కువేమో' అని దిగులుపడే వాళ్లకు ఈ రెండు ఇళ్లూ ఓదార్పు.

ఇక దుఆ ఎలా చేసుకోవాలి అన్నది. మమ్మల్ని చాలామంది, "ఏ దుఆ ఎన్నిసార్లు చదివితే బిడ్డ పుడుతుంది?" అని అడుగుతారు. దుఆ మాత్రల చీటీ కాదు, పూటకు ఇన్ని అని లెక్కకట్టడానికి. ప్రవక్తలు చేసిన దుఆలు మనకు ఖుర్ఆన్‌లో ఉన్నాయి. జకరియ్యా అలైహిస్సలాం మూడు దుఆలూ ఇందాక చెప్పుకున్నాం. సజ్జనుడైన బిడ్డ కోసం ఇబ్రాహీం అలైహిస్సలాం చేసిన దుఆ సూరా సాఫ్ఫాత్ 100వ ఆయతులో ఉంది. భార్యాబిడ్డలు కంటికి చలువ కావాలని విశ్వాసులు కోరుకునే దుఆ సూరా ఫుర్ఖాన్ 74వ ఆయతులో ఉంది. వీటిని అర్థం తెలుసుకుని నేర్చుకోండి. అరబీ నోరు తిరగకపోతే ఉర్దూలో అడగండి, తెలుగులో అడగండి. నమాజ్ ముగిశాక చేతులెత్తి మీ ఇంటి మాటలో అడిగితే అల్లాహ్‌కు అర్థం కాదా?

వేళలు ఉన్నాయి. రాత్రి మూడో భాగం మిగిలి ఉన్నప్పుడు అడిగేవారి కోసం ప్రభువు పిలుపు ఉంటుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. సజ్దాలో దాసుడు తన ప్రభువుకు అన్నిటికంటే దగ్గరగా ఉంటాడని ముస్లిం గ్రంథంలో ఉంది. అజాన్‌కూ ఇఖామత్‌కూ మధ్య చేసే దుఆ తోసిపుచ్చబడదని అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఇఫ్తార్ ముందు క్షణాలు, ప్రయాణంలో ఉన్న వేళ కూడా అలాంటివే. వీటిలో మేము దంపతులకు ముఖ్యంగా చెప్పేది తహజ్జుద్ వేళ. ఇద్దరిలో ఎవరు ముందు లేస్తే వాళ్లు రెండోవాళ్లను మెల్లగా లేపండి. పక్కపక్క జానిమాజ్‌ల మీద నిలబడండి. ఏళ్ల తరబడి ఒకరి ముందు ఒకరు ఏడవలేకపోయిన భార్యాభర్తలు అల్లాహ్ ముందు కలిసి ఏడ్చిన రోజున, బిడ్డ సంగతి ఎలా ఉన్నా, ఆ కాపురం నిలబడుతుంది. ఇది మేము చూసిన మాట.

ఇస్తిగ్ఫార్ ఎక్కువ చేయండి. నూహ్ అలైహిస్సలాం తన జాతి వారిని క్షమాపణ వేడుకోమని చెబుతూ, దాని ఫలాల్లో వానలను, సంపదను, సంతానాన్ని కలిపి చెప్పారు. సూరా నూహ్ 10 నుంచి 12 ఆయతులు. కానీ ఒక హెచ్చరిక. దీన్ని పట్టుకుని 'పిల్లలు లేరంటే ఏదో పాపం చేసి ఉంటారు' అని ఎవరూ తీర్పు చెప్పకూడదు. జకరియ్యా అలైహిస్సలాం ఏ పాపం చేశారు? ఇబ్రాహీం అలైహిస్సలాం ముసలితనం దాకా ఎందుకు వేచి ఉన్నారు? సూరా షూరా 49, 50 ఆయతుల్లో అల్లాహ్ తన ఇష్టప్రకారం కొందరికి ఆడపిల్లలను, కొందరికి మగపిల్లలను, కొందరికి ఇద్దరినీ ఇస్తానని, కొందరిని సంతానం లేనివారిగా ఉంచుతానని చెప్పాడు. అందులో శిక్ష అన్న మాట లేదు. ఆయన జ్ఞానం, ఆయన శక్తి అన్న మాటలే ఉన్నాయి. అందులో ముందు ఆడపిల్లల పేరే ఎత్తాడని కూడా గమనించండి. ఇమ్రాన్ గారి భార్య కడుపులోని బిడ్డను అల్లాహ్‌కు మొక్కుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ ఆడపిల్లే మర్యమ్ అలైహిస్సలాం. కాబట్టి దుఆలో 'అబ్బాయి' అని పట్టుబట్టకండి, 'సత్సంతానం' అనండి.

తొందరపడకండి కూడా. అడిగాను, అడిగాను, ఇవ్వలేదు అని విసిగి మానేయనంత కాలం దాసుడి దుఆ అంగీకారం పొందుతుందని హదీసు. అంగీకారం మూడు రకాలని ముస్నద్ అహ్మద్‌లోని హదీసు చెబుతుంది. అడిగింది ఇక్కడే ఇవ్వడం, పరలోకానికి దాచి ఉంచడం, దానికి సమానమైన కీడును తప్పించడం. మూడింటిలో ఏదీ ఖాళీ చెయ్యి కాదు.

మరొక మార్గం ఉంది, మనవాళ్లు దాన్ని వాడుకోవడం లేదు. ఎదురుగా లేని సోదరుడి కోసం దుఆ చేస్తే, ఒక దైవదూత ఆమీన్ అని, నీకూ అంతే కలుగుగాక అంటాడని ముస్లిం గ్రంథంలో ఉంది. కాబట్టి పిల్లలు లేని దంపతులు పిల్లలు లేని మరో దంపతుల పేరు పట్టుకుని దుఆ చేయండి. ఈర్ష్యకు ఇంతకంటే మందు లేదు.

ఇప్పుడు దవా సంగతి. మన పెద్దలు దుఆ, దవా రెండూ కలిపే చెబుతారు. వైద్యం చేయించుకోండి, ముసలితనం తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ పెట్టలేదన్న భావం గల దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఉపదేశం అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వెయ్యమన్న హదీసు మీ అందరికీ తెలిసిందే. పరీక్షకు వెళ్లకుండా తావీజు కట్టుకోవడం అంటే ఒంటెను కట్టకుండా తాడును మెడలో వేసుకోవడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి 6 మందిలో సుమారు ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్య ఎదురవుతోంది. అంటే ఈ సభలో ఏ వరుస చూసినా ఒకరిద్దరు ఉంటారు. కలిసి కాపురం చేస్తూ 12 నెలలు గడిచినా గర్భం రాకపోతే డాక్టరును కలవాలి. భార్యకు 35 ఏళ్లు దాటితే 6 నెలలకే వెళ్లాలి. కారణం ఆడవారిలో ఉండవచ్చు, మగవారిలో ఉండవచ్చు, ఇద్దరిలోనూ ఉండవచ్చు, ఒక్కోసారి ఎవరిలోనూ దొరకకపోవచ్చు. ఆడవారిలో అండం సరిగా విడుదల కాకపోవడం, థైరాయిడ్, ట్యూబులు మూసుకుపోవడం, మన దేశంలో గర్భసంచికి సోకే క్షయ. మగవారిలో వీర్యకణాలు తగ్గడం, వృషణాల దగ్గర సిరలు ఉబ్బడం, షుగరు, పొగతాగడం, గుట్కా.

పరీక్షల్లో అన్నిటికంటే తేలికైనది మగవారిదే. కోత లేదు, మత్తు లేదు, నొప్పి లేదు. ఆడవాళ్లకు చేసే పరీక్షలు అలా కావు. తేలికైనది ముందు చేయించి, కష్టమైనది తర్వాత చేయించడం న్యాయం. మనం తిరగేసి చేస్తున్నాం. నమూనా ఇవ్వడం గునాహ్ ఏమోనని జంకేవారు ఆలిమ్‌ను అడగండి. చికిత్స అవసరం కోసం ఉలమాలు దారి చూపించారు. చికిత్సలో ఉండగా రమజాన్ వస్తే, రోజా వల్ల చికిత్సకు ఇబ్బంది అని డాక్టరు అంటే, జబ్బుపడినవారికి తర్వాత రోజుల్లో పూర్తి చేసుకునే వెసులుబాటు సూరా బఖరాలోనే ఉంది.

టెస్ట్‌ట్యూబ్ బేబీ చేయించుకోవచ్చా అని అడుగుతారు. ప్రపంచంలో ఆ పద్ధతిలో మొదటి బిడ్డ 1978 జూలైలో ఇంగ్లండులో పుట్టింది. ఆ ఏడాది అక్టోబరులోనే డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా కలకత్తాలో మన దేశపు మొదటి బిడ్డ పుట్టింది. అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్ నగరంలో సమావేశమై దీని మీద తీర్మానం చేసింది. సారాంశం ఇది. నికాహ్ బంధంలో ఉన్న భార్యాభర్తలదే అండం, వారిదే వీర్యం, ఆ భార్యదే గర్భం అయితే, అవసరం ఉన్నప్పుడు తగిన జాగ్రత్తలతో చేయించుకోవచ్చు. మూడో మనిషి అండంగానీ, వీర్యంగానీ, గర్భంగానీ మధ్యలోకి రాకూడదు. ఎందుకంటే బిడ్డకు తన నసబ్, అంటే తన వంశం, స్పష్టంగా తెలియడం ఆ బిడ్డ హక్కు. కాబట్టి ఆసుపత్రిలో సంతకం పెట్టే ముందు ప్రతి కాగితం చదివించుకోండి. 'దాత' అన్న మాట ఎక్కడైనా ఉందా అని నోరు విప్పి అడగండి. మీ సొంత సందేహాలకు మీ ముఫ్తీ గారిని సంప్రదించండి. మరొక మాట. ఇది ఖర్చుతో కూడుకున్నది, ఒక్కసారికే ఫలిస్తుందన్న హామీ లేదు. ఇల్లు అమ్మి, వడ్డీకి తెచ్చి చేయించుకోవాలని దీన్ ఎవరినీ బలవంతపెట్టలేదు. ఇక చాలు అని ఆగిపోయే హక్కు కూడా దంపతులకు ఉంది.

మోసగాళ్ల గురించి చెప్పకుండా ముందుకు పోలేం. బిడ్డ కోసం తపించే స్త్రీని గదిలోకి ఒంటరిగా పిలిచేవాడు, వేలకు వేలు అడిగేవాడు, కోడి అనీ నిమ్మకాయలనీ చెప్పేవాడు బాబా కాదు, దొంగ. అలాంటి చోట మొహమాటం వద్దు, పోలీసులకు చెప్పండి.

మన నెల్లూరులో ముహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ జరుగుతుంది. ఎక్కడెక్కడి నుంచో హిందూ ముస్లిం తేడా లేకుండా వస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, వీసా రొట్టె ఉన్నట్టే సంతానం రొట్టె కూడా ఉంది. కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవారు పుచ్చుకుంటారు. మోకాలి లోతు నీళ్లలో కొంగు పట్టుకుని నిలబడిన ఆ చెల్లెళ్ల బాధను చూసి నవ్వే హక్కు ఎవరికీ లేదు. ఆ బాధ నిజం. తమకు కలిగిన సంతోషాన్ని ఇంకొకరికి పంచాలన్న ఆ మనసూ నిజం. మేము చెప్పేదల్లా ఒక్కటే. ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయనకూ మీకూ మధ్య చెరువు లేదు, గేటు లేదు, టిక్కెట్టు లేదు. మీ ఇంట్లో, మీ జానిమాజ్ మీద, ఈ రాత్రికే అడగవచ్చు. బిడ్డ పుట్టాక కూడా ఆ ఇచ్చినవాణ్ణి మరచి ఇతరులకు వాటా పెట్టకూడదని సూరా ఆరాఫ్ 189, 190 ఆయతులు దంపతులను హెచ్చరించాయి.

ఇక మిగిలిన మన అందరి సంగతి. దంపతుల దుఆకు మనం అడ్డం పడకుండా ఉంటే చాలు. పెళ్లయిన మూడో నెల నుంచే "ఏమైనా విశేషమా?" అని అడిగే నోళ్లు మనవే. అఖీఖా విందులో పిల్లలు లేని ఆమెను ఒక మూలకు నెట్టేదీ మనమే. పాపను ఆమె చేతికి ఇవ్వడానికి సంకోచించేదీ మనమే. చెడు శకునం అనేది లేదని మన ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) నేర్పించాక కూడా, మన ఇళ్లలో ఒక స్త్రీని శకునంగా చూస్తే ఖియామత్ నాడు ఏం జవాబు చెబుతాం? అత్తగార్లకు చేతులు జోడించి చెబుతున్నాం. కొడుక్కి మరో నికాహ్ అన్న మాట నోట రాకముందు, మొదటి రిపోర్టు అతనిది తెప్పించండి.

అన్ని దుఆలూ, అన్ని మందులూ అయ్యాక కూడా బిడ్డ కలగని ఇళ్లు ఉంటాయి. వాళ్లకు ఈ సభలో చెప్పడానికి ఏమీ లేదా? ఉంది. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హాకు పిల్లలు లేరు. అరబ్బుల్లో తల్లిదండ్రులను బిడ్డ పేరుతో పిలవడం వాడుక. తన తోటివారికందరికీ అలాంటి పేరు ఉందని ఆమె చెబితే, దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆమెకు, అక్క అస్మా కొడుకు అబ్దుల్లాహ్ పేరు మీద, ఉమ్మె అబ్దుల్లాహ్ అని పేరు పెట్టారు. అబూ దావూద్‌లో ఉంది ఈ సంగతి. భర్త ఆమె బాధను కొట్టిపారేయలేదు, ఓదార్పు ప్రసంగమూ చేయలేదు. ఆమెకు ఒక పేరు ఇచ్చారు. ఆ తల్లి నుంచి వచ్చిన హదీసులతో, విద్యతో ఈనాటికీ ఉమ్మత్ బతుకుతోంది. బిడ్డ లేకపోతే పేరు నిలవదన్న వారికి ఆమె చాలు. ఇంకొక వైపు, దైవప్రవక్త తన కుమారులు ఖాసిం, అబ్దుల్లాహ్, ఇబ్రాహీంలను పసితనంలోనే పోగొట్టుకున్నారు. ఇబ్రాహీం పోయినప్పుడు ఆయన కళ్ల నుంచి నీళ్లు కారాయి. కన్నీరు సబ్ర్‌కు విరుద్ధం కాదు.

ఒడి ఖాళీగా ఉన్న ఇల్లు, తల్లిదండ్రులు లేని బిడ్డ, రెండూ మన బస్తీల్లోనే ఉన్నాయి. అనాథను సాకేవాడూ తానూ స్వర్గంలో ఇలా ఉంటామని దైవప్రవక్త రెండు వేళ్లు చూపించారని బుఖారీలో ఉంది. దీన్నే కఫాలత్ అంటాం. ఇందులో బిడ్డ సొంత తండ్రి పేరు చెరపకూడదని సూరా అహ్‌జాబ్ 5వ ఆయతు ఆదేశం. వారసత్వం దానంతట అది రాదు గనుక, ఆస్తిలో మూడో వంతు మించకుండా వసియ్యత్ రాయవచ్చు. రెండేళ్ల లోపు పసిబిడ్డ అయితే, పాలిచ్చే సొంత అక్కచెల్లెళ్లు ఎవరైనా ఉంటే, పాలబంధం వల్ల పర్దా చిక్కు తీరే మార్గం ఉంది. ఎలాగో ఆలిమ్‌ను అడిగి చేయండి. చట్టం దారి కూడా ఉంది. జువెనైల్ జస్టిస్ చట్టం కింద మతంతో నిమిత్తం లేకుండా ఎవరైనా దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది కోరుకున్నవారికే తప్ప బలవంతం కాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ద్వారా సంరక్షకులుగా ఉండే దారి మనవారిలో చాలామంది మనసుకు దగ్గరగా ఉంటుంది. ఏ దారి అయినా కాగితం పక్కాగా ఉండాలి. ఆసుపత్రి దగ్గరో, దళారి దగ్గరో బిడ్డను చేతులు మార్చుకోవడం నేరం. జకరియ్యా అలైహిస్సలాం చేతుల్లో ముందు పెరిగింది పరాయి బిడ్డేనని మరవకండి.

మొదట చెప్పిన ఆ దంపతుల సంగతి అడుగుతారేమో. వాళ్లకు ఇంకా బిడ్డ కలగలేదు. ఆ అబ్బాయికి వైద్యం జరుగుతోంది. గుట్కా మానేశాడు. ఇప్పుడు డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్తున్నారు. రాత్రి చివరి జాములో తామిద్దరూ పక్కపక్కన నిలబడుతున్నామని ఆ చెల్లెలు మా ఇంటివారితో చెప్పిందట. మొన్న అత్తగారు వచ్చి, కోడలి తాకట్టు నగల్లో ఒక జత గాజులు విడిపించానని చెప్పి వెళ్లింది. ఇది కూడా దుఆ ఫలమేనని మేము అనుకుంటున్నాం.

మా కమిటీ పెద్దాయన సంగతి కూడా చెప్పాలి. ఇదంతా విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నియమం ఉండనివ్వండి. ఆ మగపిల్లల్ని లాబొరేటరీకి నేనే వెంటబెట్టుకుని వెళ్తాను. ఒంటరిగా వెళ్లాలంటే సిగ్గుపడతారు" అన్నారు. ఈ ఏడాది ఆ పని ఆయనే చేశారు. అల్లాహ్ ఆయనకు మంచి ప్రతిఫలం ఇవ్వుగాక.

ఇప్పుడు అందరం చేతులెత్తుదాం. మగవాళ్లూ ఎత్తండి, అక్కచెల్లెళ్లూ ఎత్తండి. ఎవరి గుండెల్లో ఏ పేరు ఉందో ఆ పేరు తలచుకోండి.

ఓ అల్లాహ్! ఈ ఊళ్లో ఒడి నిండని ప్రతి ఇంటికీ సత్సంతానం ప్రసాదించు. ఆలస్యం నీ నిర్ణయమైతే ఆ ఎదురుచూపులో భార్యాభర్తలను విడదీయకు. ఇవ్వకపోవడమే నీ నిర్ణయమైతే వాళ్ల గుండెను నీతో నింపు, వాళ్ల చేతులకు ఒక అనాథ చేతిని అందించు. మా నోళ్ల నుంచి వాళ్లను కాపాడు. ఆమీన్.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.